బైరాగి తాత మేజోళ్ళు

సూరాడ బైరాగి గాలానికి చేప పడ్డప్పుడు మూరెడు ఉంటుంది. ఒడ్డుకి వచ్చేసరికి బారెడవుతుంది. ఇల్లు చేరి మంచం మీద చతికిలబడి చెప్పేసరికి, తల వాకిట్లో ఉంటే తోక ఇంకా వీధి మలుపు తిరుగుతూ ఉంటుంది.

పైగా ఆయనది పట్టిన చేపని వదిలేసే వేట. కోతలు కోసేవాడికి ఇంతకన్నా భోగం ఏముంది? సాక్ష్యం తనంతట తనే ఈదుకుంటూ వెళ్ళిపోతుంది.

అండమాన్ దీవుల్లో ఒక దీవికి తూర్పు ఒడ్డున తెల్లపర్ర అని చిన్న ఊరు. బైరాగి తండ్రి తరంలో శ్రీకాకుళం వైపు నుంచి వలలు, వంటసామాను, అమ్మవారి పటం పట్టుకుని ఓడెక్కి వచ్చిన జాలర్లు కట్టుకున్న ఊరది. ఊరి ముందు సముద్రం లోతుగా ఉండదు. మైలు దూరం దాకా ఇసుక పర్ర. పోటు వచ్చినప్పుడు మోకాలి లోతు నీళ్ళు, పాటు తీసినప్పుడు పీతల ఊరేగింపు. ఆ పలచటి నీళ్ళలోకి పోటుతో కలిసి ఒక చేప మేతకొస్తుంది. దాని ఒళ్ళంతా అద్దమే. ఇసుక మీద ఉంటే ఇసుకలా, నాచు మీద ఉంటే నాచులా కనిపిస్తుంది, అంటే కనిపించదు. ఊళ్ళోవాళ్ళు దాన్ని అద్దంచేప అంటారు. ఒంటినిండా ముళ్ళే కాబట్టి కూరకి పనికిరాదు. కానీ గాలానికి తగిలిందంటే, గుక్కతిప్పుకోకుండా నూరు గజాల దారం లాక్కుపోతుంది. ఆ ఒక్క పరుగు కోసం ఎక్కడెక్కడి నుంచో మనుషులు రంగురంగుల సన్నటి తెడ్డు పడవల్లో, కయాకుల్లో వస్తారు. పర్ర అంచున కయాక్ ఆపి, నీళ్ళలోకి దిగి, బైరాగి వెనకాల కొంగల్లా నడుస్తారు.

కయాక్ అంటే బైరాగికి గిట్టదు. "తెడ్డుకి రెండేపులా ఆకులుంటే, ఎటు పోవాలో తేలనోడి పడవన్నమాట అది" అనేవాడు.

ఆయన పని చేపని చూపించడం. "అదిగో బాబూ, గాలొచ్చే వైపు. నలభై అడుగులు. ఏడున్నాయి. ఆ ఏడోది మా బావమరిది కన్నా లావు. అలికిడి చెయ్యకుండా ఎర వెయ్యండి."

అక్కడ ఏడు ఉండవు. మూడుంటాయి. ఆ సంగతి బైరాగికి తెలుసు. పర్ర మీద ముందు నడిచేవాళ్ళలో తండ్రి దగ్గర కొడుకు నేర్చుకునే పద్ధతి అది. ఇంట్లో ఆడవాళ్ళకి కూడా చెప్పరు. ఉన్న చేపల్ని ఉన్నన్నే చెప్పకూడదు. రెట్టింపు చేసి, పైన అమ్మవారి పేర ఒకటి కలపాలి. సముద్రం వింటూ ఉంటుంది. మూడే అంటే దానికి నామోషీ. ఏడంటే, మన మాట పోనివ్వకుండా తక్కిన నాలుగూ ఎక్కడినుంచో తోలుకొస్తుంది. ఒక్కటీ లేనప్పుడు కూడా లేదనకూడదు. ఒకటుందనాలి. "ఒకటుంది బాబూ. ఒంట్లో బాగోక పడుకుంది."

చేప పొడుగు గురించి ఆయన ఆడేది ఊరెరిగిన అబద్ధం. లెక్క గురించి ఆడేది వృత్తి అబద్ధం. ఈ రెండూ కాక ఎవరికీ చెప్పని మూడోది ఇంకొకటుంది.

బైరాగికి చూపు పోయింది.

నీటికాసుల జబ్బు. రెండేళ్ళ కిందట వల దారం కొనుక్కొస్తానని చెప్పి పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి కంటి డాక్టరుకి చూపించుకున్నాడు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని జాగ్రత్త చేసుకోమనీ చెప్పి, ఆ డాక్టరు చుక్కలమందు రాసిచ్చాడు. ఇప్పుడు ఎదురుగా రూపాయి బిళ్ళంత వెలుతురు, చుట్టూ పొగమంచు. ఆ చుక్కలమందు సీసాని బైరాగి ఎర డబ్బాలో ఎండు రొయ్యల కింద దాచాడు. సీసా మాత్రం భలే సీసా. రెండేళ్ళు వాడినా తరగలేదు. మంచి కంపెనీ అయి ఉంటుందనుకున్నాడు.

తెలిస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. అరుగు మీద కుర్చీ వేస్తారు. అన్న వరసైన గురయ్య ఓసారి పర్ర మీద జారి పడ్డాడని ఇంట్లోవాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత స్నానానికి తప్ప గురయ్య కాలు తడవలేదు. బైరాగికి చావంటే భయం లేదు గానీ ఆ కుర్చీ అంటే మాత్రం ఒళ్ళు జలదరించేది.

ఇప్పటికే ఒకటి పోగొట్టుకున్నాడు. పాయ దాటితే అవతలి పర్ర ఉంది. పెద్ద చేపలన్నీ అక్కడే. పాయలో నీటి ఒరవడి కళ్ళతో చూసి పడవ తిప్పాలి. రెండేళ్ళుగా అటు వెళ్ళలేదు. ఎవరైనా అడిగితే, "అక్కడి చేపలు నా మీద అలిగాయి, అవే వచ్చి పిలవాల" అనేవాడు.

మరి ఇవతలి పర్ర మీద చేపల్నెలా చూపిస్తున్నాడంటారా? కాళ్ళతో. పర్ర మీద టేకు చేపలు ఇసుకలో పూడుకుని పడుకుంటాయి. వాటి తోక ముల్లు దిగిందంటే మూడు రోజులు ఊరంతా వినేలా అరవాలి. అందుకని అక్కడివాళ్ళు అడుగెత్తి వెయ్యరు. పాదం ఈడ్చుకుంటూ నడుస్తారు, చప్పుడికి టేకు చేప లేచిపోతుంది. అరవై ఏళ్ళు అలా నీళ్ళని దువ్వుకుంటూ నడిచిన పిక్కలు బైరాగివి. చేప ఎక్కడ తోక విదిల్చినా రోమాల దగ్గర సన్నగా, చల్లగా తెలిసేది. చూపున్న రోజుల్లో కళ్ళే ముందు మాట్లాడేసేవి, కాళ్ళ మాట వినపడేది కాదు. కళ్ళు నోరు మూసుకున్నాక కాళ్ళు మొదలెట్టాయి.

ఈయన కొడుకు కూతురు పుణ్యవతి. పక్క రేవులో సముద్ర పరిశోధన కేంద్రంలో ఉద్యోగం. ఓ రోజు పొద్దున్నే సంచిలోంచి నల్లటి మేజోళ్ళు తీసి తాత ఒళ్ళో పెట్టింది. మోకాళ్ళ దాకా వచ్చే మేజోళ్ళు. పైన పిల్లి మీసాల్లా సన్నటి నూగు.

"నాకు చలెయ్యదే పున్నీ" అన్నాడు బైరాగి.

"చలికి కాదు తాతా. చేప పక్కన మొప్ప దగ్గర్నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది కదా. నీళ్ళు కదిలితే దానికి ఆ గీతతోనే తెలుస్తుంది. ఆ గీతని వీటిలో అల్లాను. ఇదిగో, ఈ పటకా నడుముకి. చేప ఎటు ఉంటే అటు పక్క వేలితో తట్టినట్టు తడుతుంది. ఎన్ని ఉంటే అన్నిసార్లు."

బైరాగికి తన పిక్కల గుట్టు ఎవరో సంచిలో వేసుకుని తిరుగుతున్నట్టనిపించింది.

"మరింకేం. నడుముకి కట్టుకుని నాట్యం చేసుకో" అన్నాడు.

"ఇంకా ఏమీ రాదు దీనికి. పసిపిల్ల. నీళ్ళు ఏ తీరుగా కదిలితే ఏమిటో ఒకరు పక్కనుండి నేర్పాలి. పైనుంచి తీద్దామని డ్రోన్లు పంపాను. ఒకదాన్ని తెల్లగద్ద ఎత్తుకుపోయింది. రెండోదాన్ని దాని పెళ్ళాం ఎత్తుకుపోయింది. ఒకవేళ మిగిలినా అద్దంచేప కెమెరాకి కనపడదు. దాన్ని చూడగలిగే కళ్ళు ఈ దీవిలో రెండే ఉన్నాయి."

వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న భార్య గవరమ్మ తలెత్తలేదు. చేటలో బియ్యం చప్పుడు మాత్రం కాస్త ఆగింది.

కాదంటే ఎందుకని అడుగుతారు. పైగా అడిగింది పున్నీ. బైరాగి మేజోళ్ళు తొడిగించుకున్నాడు.

"కోతలు కొయ్యకూడదు తాతా. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒట్టెయ్యి."

"అమ్మోరి తోడు" అన్నాడు బైరాగి. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ అయిదు నెలలూ ఏ చేపనీ బావమరిదితో పోల్చలేదు, పొడుగు ఒక్క బెత్తెడు పెంచలేదు. లెక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం రెట్టింపు చేసి ఒకటి కలుపుతూనే ఉన్నాడు. అది అబద్ధమని ఆయనకి తోచనే లేదు. అది సముద్రానికిచ్చే మర్యాద.

అయిదు నెలలు ప్రతి పోటుకీ ఇద్దరూ పర్ర మీదే. గవరమ్మ పెరటి గుంజ నుంచి రేవు దాకా బట్టలారేసే తాడు కట్టించింది, దాన్ని పట్టుకుని బైరాగి నీళ్ళ దగ్గరికి వచ్చేవాడు. "ఇంత పొడుగు తాడేటే, ఊరోళ్ళ బట్టలన్నీ నువ్వే ఉతుకుతావేటి" అని ఎగతాళి చేసేవాడు, చేత్తో తాడు వదలకుండానే. తర్వాత నీళ్ళలో తాత ముందు, చేతిలో పలకలాంటి కంప్యూటరుతో మనవరాలు వెనక.

"కుడేపు, ఇరవై అడుగులు, అయిదు."

"సరే తాతా."

"ఎదర, మడ చెట్ల దగ్గిర, మూడు."

"సరే."

ఒక రోజు బైరాగి వంగి, మేజోడులో దూరిన ఇసుక దులుపుకుంటూ, "ఎనకమాల అయిదొస్తున్నాయి, నీ పక్కనుంచి పోతాయి సూడు" అన్నాడు. పుణ్యవతి పలక మీద వేళ్ళ చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి గొంతు సవరించుకుని, "సరే తాతా" అంది.

ఆ సాయంత్రం ఆ పిల్ల ఇంటికొచ్చి మామ్మ పక్కన కూర్చుని చాలాసేపు గుసగుసలాడింది. పెళ్ళి మాటలేమో అనుకున్నాడు బైరాగి.

వానాకాలం ముందు కబురొచ్చింది. మేజోళ్ళని పరీక్షించడానికి పెద్ద ఊరి నుంచి ముగ్గురు అధికారులు వస్తున్నారట. నేర్పినవాడు కూడా ఉండాలన్నారట. గవరమ్మ బైరాగికి తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించింది.

దారిలో పుణ్యవతి చెప్పింది. "ఇది చేపల కోసమే కాదు తాతా. వరదలొచ్చినప్పుడు బురద నీళ్ళలో మనుషులు కొట్టుకుపోతారు కదా. కళ్ళకి కనపడరు. ఈ మేజోళ్ళేసుకుని దిగితే, ఊపిరున్న మనిషి ఎక్కడ కాలు కదిపినా తెలుస్తుంది. వాళ్ళకి నచ్చితే వరద వచ్చే ప్రతి చోటికీ ఇవి పోతాయి. నచ్చకపోతే పని మూసేసి నన్ను ఎక్కడో ఆఫీసులో కుర్చీలో వేస్తారు."

కుర్చీ అన్న మాట బైరాగికి నచ్చలేదు.

పరిశోధన కేంద్రం వెనక ఈ పరీక్ష కోసమే కొత్తగా కట్టిన సిమెంటు తొట్టె. పెళ్ళి పందిరంత ఉంది. బంకమన్ను కలిపి నీళ్ళని టీ రంగుకి తెచ్చారు. ముగ్గురిలో పెద్దాయన వేదాచలంగారు. నవ్వడానికి సెలవు చీటీ కావాలన్నట్టుండే మనిషి. పంట్లాం మడిచి, మేజోళ్ళు తొడుక్కుని, పటకా కట్టుకుని ఆయనే దిగారు.

"అడుగెత్తకండి బాబూ, ఈడవండి" అన్నాడు బైరాగి ప్లాస్టిక్ కుర్చీలోంచి. నీళ్ళ చప్పుడుని బట్టే తెలిసిపోయింది.

"తొట్టెలో టేకు చేపలున్నాయా?"

"ఉండవు. అలవాటు చేసుకుంటే మంచిది."

పుణ్యవతి గొంతులో సంబరం. "పర్ర మీద తాత చెప్పినదానికీ మేజోళ్ళు చెప్పినదానికీ నూటికి తొంభై తొమ్మిది సార్లు సరిపోయిందండీ. ఇప్పుడు నాలుగు చేపల్ని వదులుతాం."

"ఆగండి" అన్నారు వేదాచలంగారు. "ముందు ఖాళీ నీళ్ళు చూడనివ్వండి."

వేదాచలంగారు నెమ్మదిగా తొట్టె చుట్టివచ్చారు. తర్వాత ఆగిపోయారు.

"ఇక్కడ ఒకటుందంటోంది."

"లేదండీ, ఇంకా ఏమీ వదల్లేదు."

"ఒకటుందంటోందమ్మా. మళ్ళీ తట్టింది. ఎటు తిరిగినా ఒకటుందనే అంటోంది."

బైరాగికి ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. ఒకటుంది బాబూ, ఒంట్లో బాగోక పడుకుంది. ఆ గొంతు తనదే. నల్ల గుడ్డలో చొరబడి, అధికారి నడుం మీద కూర్చుని, తన మర్యాద తనకే అప్పజెబుతోంది.

రెండు చేపల్ని వదిలారు. మేజోళ్ళు అయిదన్నాయి. ఇంకొకటి వదిలారు. ఏడన్నాయి. మిగతా ఇద్దరు అధికారులు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు.

వేదాచలంగారు గట్టుమీద కూర్చున్నారు. కోపంగా కాదు, అదే నయం అనిపించేలా మెల్లగా మాట్లాడారు. "అమ్మా, వరద నీళ్ళలో పదిమంది దిగి వెతుకుతుంటారు. ఖాళీ చోట మనిషి ఉన్నాడని ఇది చెబితే, ఆ పదిమందీ అక్కడే తవ్వుతారు. వంద గజాల అవతల నిజంగా ఉన్నవాడు ఈలోగా పోతాడు. దీన్ని ఇలా పంపలేం."

పుణ్యవతి ముక్కు ఎగబీల్చిన చప్పుడు బైరాగికి వినిపించింది. చిన్నప్పుడు ఆ పిల్లకి పీత కరిచినప్పుడు కూడా ఇంతే, పైకి ఏడవలేదు.

బైరాగి లేచి నిలబడ్డాడు. ఏ దిక్కున నిలబడ్డాడో సరిగ్గా తెలియక గోడవైపు దణ్ణం పెట్టి, వేదాచలంగారు దగ్గిన చప్పుడు విన్నాక ఇటు తిరిగాడు.

"బాబూ, తప్పు మా పున్నీ గుంటది కాదు. అబద్ధం నాది. రెట్టింపు చేసి ఒకటి కలిపేను."

"ఏమిటి?"

"మూడుంటే ఏడన్నాను. రెండుంటే అయిదు. ఏటీ లేకపోతే ఒకటి. మా అయ్య నేర్పినాడు. సముద్రం సిన్నబోకూడదని."

పుణ్యవతి వేళ్ళు పలక మీద టకటకలాడాయి. ఒకటి తీసెయ్, సగం చెయ్. అంతే. "మళ్ళీ దిగండి సార్" అంది.

వేదాచలంగారు దిగారు. మూడు చేపలకి మూడు. ఒకదాన్ని బయటికి తీస్తే రెండు. అన్నీ తీసేస్తే పటకా నోరు మూసుకుంది.

"అయిదు నెలల్లో ఒక్కసారి కూడా లెక్క తప్పలేదన్నమాట" అన్నారాయన. "అబద్ధం కూడా ఇంత క్రమంగా ఆడొచ్చని ఇవాళే తెలిసింది."

అందరూ తేలికగా ఊపిరి తీసుకున్నారు. బైరాగి కూడా. మూడో అబద్ధం పదిలంగా ఉంది. ఇంటికెళ్ళి భోంచేసి, సాయంత్రం పోటుకి నీళ్ళలో దిగొచ్చు.

అప్పుడే వేదాచలంగారు పక్కవాళ్ళతో అన్నారు. "ఒక్కో నది నీరు ఒక్కో తీరు. ప్రతి నది దగ్గరా దీనికి మళ్ళీ నేర్పాలి. నిబంధన రాసుకోండి. నేర్పేవాళ్ళకి కంటి పరీక్ష చేయాలి. ఈయనలాగా చక్కటి చూపున్నవాళ్ళనే తీసుకోవాలి."

బైరాగి కూర్చోబోయినవాడల్లా ఆగాడు.

చూపున్నవాడు బురద నీళ్ళలో ఏం చూస్తాడు? ఎదర ఉన్నదే చూస్తాడు, పైన తేలిందే చూస్తాడు. వెనక ఉన్నది, అడుగున ఉన్నది లేదంటాడు. మేజోళ్ళు కూడా లేదనడం నేర్చుకుంటాయి. ఉన్నవాణ్ణి లేడంటాయి. అది ఒకటి కలపడం లాంటిది కాదు. సగం చేస్తే పోయేది కాదు.

ఆయనకి అరుగు మీది కుర్చీ కనిపించింది. రెండేళ్ళలో అంత స్పష్టంగా ఏదీ కనపడలేదు.

"సూపున్నోడు నేర్పితే చెడిపోద్ది బాబూ" అన్నాడు.

"అదేమిటి?"

"నాకు కనపడదు. రెండేళ్ళయింది. ఇప్పుడు తవరు కూడా నాకు ఓ మసక." తల దించుకున్నాడు. "కాళ్ళతో సెప్పినాను అన్నీ."

వేదాచలంగారు నమ్మలేదు. నమ్మమని బైరాగి బతిమాలలేదు. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, ఒట్టి కాళ్ళతో తొట్టెలోకి దిగాడు. ఎన్ని చేపలు వదిలిందీ ఎవరూ పైకి చెప్పలేదు. బైరాగి పాదాలు ఈడుస్తూ నాలుగడుగులు వేసి నిలబడ్డాడు. బురద నీరు పిక్కల చుట్టూ సన్నగా తిరిగింది.

"తొమ్మిది" అన్నాడు. నాలుక కరుచుకున్నాడు. "అంటే నాలుగు బాబూ. అలవాటు. రెండు ఆ మూల, ఒకటి నా ఎనక. నాలుగోది తవరి ఎడం కాలు దగ్గిర."

గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకున్న వేదాచలంగారు ఎగిరి గంతేశారు. ఆ గంతుకి చేప కూడా గంతేసింది. అప్పుడు నవ్వారాయన. చాలా ఏళ్ళుగా వాడని తలుపు తెరిచినట్టు కిర్రుమంటూ మొదలై, పొట్ట పట్టుకునేదాకా వెళ్ళింది ఆ నవ్వు. "కంటి పరీక్ష మాట కొట్టెయ్యండి" అన్నారు పక్కాయనతో, కళ్ళు తుడుచుకుంటూ.

ఇంటికి వస్తూ ఉంటే బైరాగికి ఆ నవ్వేమీ మిగల్లేదు. తాడు పట్టుకుని నడుస్తున్నాడు. పక్కన పుణ్యవతి.

"కుర్చీ కొత్తది చేయిస్తారా, గురయ్యది తెచ్చి వేస్తారా?" అన్నాడు.

"ఏ కుర్చీ?"

"నన్ను కూకోబెట్టే కుర్చీ."

"తాతా, నువ్వు గుడ్డివాడివని నాకు తెలిసి నెల్లాళ్ళయింది. ఆ రోజు వంగుని మేజోడు దులుపుకుంటూ నా వెనకాల చేపల్ని చెప్పావు. వీపుకి కళ్ళున్నవాణ్ణి నేనెక్కడా చదవలేదు."

బైరాగి తాడు వదిలేశాడు. "మరి అడగలేదేటే?"

"నువ్వు చెప్పంది నేనెలా అడుగుతాను? మామ్మ కూడా అడగొద్దంది. మగాడు దాచుకోడానికి ఇంట్లో ఒక్క డబ్బా అయినా ఉండాలంది."

గవరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏటయ్యా, చెప్పేశావా?"

"నీకూ తెలుసా?"

"రెండేళ్ళు వాడినా తరగని చుక్కలమందు ఏ దేశంలో అమ్ముతారు? నెలకో సీసా ఆ రొయ్యల కింద నేను పెట్టకపోతే అదెక్కడినుంచి వచ్చిందనుకున్నావు? మంచి కంపెనీ అనుకున్నావేమో."

బైరాగి సరిగ్గా అదే అనుకున్నాడు మరి.

"ఆ తాడేమో బట్టలకంటావు. నా చీరలు నాలుగు. రేవు దాకా ఆరెయ్యాలా?" ఆవిడ చెంబుతో నీళ్ళు ఆయన చేతికందించింది. "నీళ్ళు మానమని నేనెప్పుడన్నాను? నువ్వు ఇంట్లో కూకుంటే ఆ కోతలన్నీ నాకు చెబుతావు. నాకొద్దమ్మా. కానీ ఒంటరిగా దిగితే ఒప్పుకోను. ఎవరో ఒకరు పక్కనుండాల. పాయ దాటాలంటే ఈ గుంట పడవలోనే దాటాల."

"దీని పడవా? ఆ రెండు తెడ్లదా?"

"ఒకటే తెడ్డు తాతా, రెండు ఆకులు" అంది పుణ్యవతి. "ముందు సీటు నీదే."

మర్నాడు పొద్దున్న పోటు ఎక్కే వేళకి తెల్లపర్ర ఊరు ఊరంతా రేవులో ఉంది. పసుపు పచ్చ కయాక్ ముందు సీట్లో బైరాగి, పెళ్ళికొడుకులా నిక్కి కూర్చున్నాడు. గురయ్య కూడా కుర్చీలోంచి లేచి చూడ్డానికొచ్చాడు. "ఏరా తమ్ముడూ, ఎటు పోవాలో తేలిందా?" అన్నాడు. బైరాగి వినపడనట్టు నటించాడు. చెవులు బాగానే ఉన్నాయని ఊరందరికీ తెలుసు.

పాయలో ఒరవడి కయాక్‌ని పక్కకి లాగింది. "ఎడం ఆకు, ఎడం ఆకు, ఇప్పుడు కుడి" అన్నాడు బైరాగి, చెయ్యి నీళ్ళలో ముంచి. పుణ్యవతి ఆయన చెప్పినట్టే తిప్పింది. నీటి బరువు మారింది. అడుగున ఇసుక సన్నగా రాసుకుంది. ఎండ ముఖం మీద వెచ్చగా పడింది. అవతలి పర్ర వాసన, ఎండిన నాచు, గవ్వలు, మడ చెట్ల పుల్లటి బురద. రెండేళ్ళ తర్వాత.

ఆయన కాసేపు దిగలేదు. తర్వాత దిగాడు, ఒట్టి కాళ్ళతో. మనవరాలు మేజోళ్ళతో దిగింది. ఇద్దరూ పాదాలు ఈడుస్తూ నడిచారు.

"రెండు తాతా, ఎదర" అంది పుణ్యవతి పటకా తడుముకుంటూ.

"అయిదు."

"రెండే. ఇప్పుడిది అబద్ధమాడదు."

"పాపం. దాని బతుకు అలా తగలడింది." చెయ్యి చాపి ఆమె మోచేతిని కాస్త కుడికి జరిపాడు. "ఇంకో అడుగు ఇటు. గాలి ఎనక్కుంది. ఇప్పుడు వెయ్యి."

ఎర నీళ్ళలో పడిన చప్పుడు చినుకు పడినంతే. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత రీలు కీచుమని అరిచింది. దారం నీళ్ళని చీల్చుకుంటూ పాయవైపు పరిగెత్తింది. పుణ్యవతి కెవ్వుమంది. "వొదులు, వొదులు, అడ్డుపడకు, పోనీ దాన్ని" అంటూ బైరాగి నడుం లోతుదాకా ఆ పిల్ల వెనకే వెళ్ళిపోయాడు, నవ్వుతూ, నీళ్ళు మింగుతూ, తెల్ల చొక్కా సంగతి మరిచిపోయి. అదింకా నిన్నటి ఇస్త్రీ చొక్కాయే. గవరమ్మ చూస్తే ఊరుకోదు.

మూడుసార్లు పరిగెత్తి, నాలుగోసారి అలిసి, చేప దగ్గరికొచ్చింది. పుణ్యవతి దాన్ని నీళ్ళలోనే రెండు చేతుల మీద నిలిపింది. బైరాగి వంగి, తడి వేళ్ళతో మూతి దగ్గర్నుంచి తోక దాకా మెల్లగా తడిమాడు. అద్దంలా నున్నగా, బతికున్న బరువు. మూర మీద నాలుగు వేళ్ళు. అంగుళం ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"ఎంతుందే?" అన్నాడు.

పుణ్యవతి పెద్ద చదువు చదివిన పిల్ల. ఉన్నది ఉన్నట్టు రాసుకునే పిల్ల. చేప వంక చూసింది. తాత ముఖం వంక చూసింది.

"బారెడుంది తాతా" అంది. "తోక ఇంకా కొలవలేదు."

బైరాగి చేప పక్క గీతని వేలితో రాసి వదిలేశాడు. ఒక్క విదిలింపు. ఆ విదిలింపు ఇద్దరికీ ఒకేసారి తగిలింది, ఆయనకి రోమాల దగ్గర, ఆమెకి నడుం మీద. తర్వాత నీళ్ళు సర్దుకున్నాయి.

"ఎల్లిపోనాది" అన్నాడు బైరాగి తృప్తిగా. "ఇంక ఎంతయినా సెప్పుకో."